గ్రూపా, బ్రాడ్‌కాస్టా, ఛానెలా: దుకాణానికి ఏది మేలు?

బతుకమ్మ దగ్గర పడుతున్నదంటే నల్లగొండలో నాకు ఫోన్లు మొదలవుతాయి. చీరల దుకాణం వారైనా, మిఠాయి వారైనా, రెడీమేడ్ బట్టల వారైనా అడిగేది ఒక్కటే: "సార్, వాట్సాప్‌ల గ్రూపు చేసుడా, బ్రాడ్‌కాస్ట్ పెట్టుడా, ఛానెల్ తెరుసుడా? ఏది మంచిగుంటది?" చిన్న వ్యాపారాల ప్రచారం చూసుకోవడమే నా వృత్తి కనుక రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఫోను పెట్టేస్తుంటాను. కారణం చెప్పకపోవడం వల్ల కాబోలు, అడిగినవారే మరుసటి దసరాకు మళ్లీ అదే అడుగుతున్నారు. ఈసారి ఆ కారణమేదో వివరంగా రాస్తున్నాను.

సంఖ్యలు చూసి ఎంచుకునే వారికి లెక్క సులువే. గ్రూపులో 1,024 మంది పడతారు, ఒకే సందేశాన్ని ఎవరికి వారికి విడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మందే పడతారు, మనం ప్రకటనలు పెడుతుంటే ఇష్టమున్నవారు అనుసరించే ఛానెల్‌కు పరిమితి లేదు. నేను మాత్రం ఈ మూడింటినీ వేరే త్రాసులో తూస్తాను: బిల్లు కోసం నంబరు ఇచ్చిన మనిషి, మన సందేశాలు వద్దనుకున్నప్పుడు, మొహమాటపడకుండా తప్పుకోగలరా? చిన్న పట్టణంలో వ్యాపారం నిలిచేదీ కూలేదీ ఇక్కడేనని నా నమ్మకం. అది నాకు ఒక పొరపాటు వల్ల తెలిసివచ్చింది.

మూడేళ్ల కింద, గడియారం సెంటర్‌కు దగ్గరలో ఉన్న ఒక చీరల దుకాణానికి, పాత బిల్లు బుక్కుల్లోని నంబర్లన్నీ ఎక్కించి ఆరు వందల మందితో గ్రూపు చేయించాను. ఆలోచన నాదే. మొదటి సాయంత్రం నారాయణపేట చీరల ఫొటోలు పెడితే పువ్వుల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చాయి, సేటు సంతోషించాడు. రెండో రోజు పొద్దున ఒకరు శుభోదయం బొమ్మ పెట్టారు, ఇంకొకరు ఏదో వెంచర్‌లో ప్లాట్ల కరపత్రం పెట్టారు. మధ్యాహ్నం ఒకాయన తన తండ్రి దశదిన కర్మ కార్డు పెట్టాడు. పది నిమిషాలు తిరగకముందే దుకాణంలో పిల్లవాడు, పైన ఏముందో చూసుకోకుండా, ఆ కార్డు కిందనే "త్వరపడండి, ఈ అవకాశం మళ్లీ రాదు" అని తగిలించాడు. దాన్ని తీసేయించేసరికి చూడవలసిన వారందరూ చూశారు.

అంతకన్నా పెద్ద దెబ్బ రాత్రి తగిలింది. గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరు మిగిలిన వారందరికీ కనిపిస్తుంది కదా, ఎన్నో ఏళ్లుగా ఆ దుకాణంలోనే చీరలు కొంటున్న ఒక ఉపాధ్యాయురాలికి ఎవరో ముక్కూమొహం తెలియని మగవాళ్లు "హాయ్" అని సందేశాలు పంపడం మొదలుపెట్టారు. ఆమె సేటుకు ఫోన్ చేసి, "నా నంబరు బిల్లు మీద రాయించిన గని, ఊరందరికి ఇయ్యమని చెప్పలే గదా" అన్నారు. ఆ పండుగకు ఆమె దుకాణం మెట్లెక్కలేదు. నేను వెంటనే అడ్మిన్‌లు, అంటే గ్రూపు నడిపేవారు, మాత్రమే సందేశాలు పంపేటట్టు మార్పించాను. 2018 నుంచి ఉన్న సదుపాయమే అయినా ఆ రోజు దాకా నాకు దాని అవసరం తోచలేదు. దానితో రొద ఆగింది, నంబర్లు మాత్రం అట్లాగే అందరి కళ్లముందు ఉండిపోయాయి.

ఇష్టం లేనివారు గ్రూపు వదిలి పోవచ్చు కదా అని సేటు అన్నాడు. 2022 నుంచి ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్‌కే చేరుతుందన్న మాట నిజమే. కానీ ఆ అడ్మిన్ ఎవరు? రేపు ప్రకాశం బజార్‌లో ఎదురుపడి "ఏమ్మా, మా గ్రూపుల నుంచి ఎల్లిపోయినవంట" అని అడగగలిగిన మనిషే. అందుకని జనం గ్రూపు వదలరు, మ్యూట్ చేసి ఊరుకుంటారు. పేర్లు ఆరు వందలు, చదివేవారు ఏ అరవై మందో.

గ్రూపు ఎప్పుడూ పనికిరాదని నేను అనను. ఎరువులు, పురుగుమందులు అమ్మే నా మిత్రుడు ఒకరు బత్తాయి రైతులతో గ్రూపు నడుపుతున్నాడు. కాయ రాలుతున్నదని ఒకరు ఫొటో పెడితే నలుగురు తమ తోటలో ఏం చేశారో చెబుతారు, మార్కెట్‌లో ఆ రోజు పలికిన ధర ఇంకొకరు పెడతారు. అక్కడ సభ్యులకు ఒకరితో ఒకరికి పని ఉంది, దుకాణందారు వారి మధ్య ఒకడు. చీర కొనేవారికి, చీర కొనే ఇంకొకరితో ఏం పని?

ఇక బ్రాడ్‌కాస్ట్. దీని మీద వ్యాపారులకు ఉన్న ఫిర్యాదే నా దృష్టిలో దాని గొప్ప. మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్న వారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. రెండు వందల పైచిలుకు మందిని లిస్టులో పెడితే డెబ్బై మందికి కూడా అందలేదని, "లిస్టు ఖరాబైంది సార్" అని ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. లిస్టు బాగానే ఉంది, మిగిలినవారు ఆయన నంబరును ఉంచుకోదగినదిగా అనుకోలేదు, అంతే. అప్పటినుంచి నేను చెప్పే పద్ధతి ఇది: బిల్లు చేసేటప్పుడు కౌంటర్ దగ్గర పిల్లవాడు, "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త మాల్ వస్తే ఫొటో పంపుతం, వద్దంటే పంపం" అని నోటితో అడగాలి. సేవ్ చేసుకున్నారంటే సమ్మతించినట్టు, తీసేశారంటే తప్పుకున్నట్టు. ఎవరికీ మొహం చాటేయవలసిన పని లేదు.

పైగా జవాబు మనకొక్కరికే వస్తుంది. "గా నెమలికంఠం రంగుల పెద్ద అంచుది ఉన్నదా?", "ధర ఏమన్న తగ్గుతదా?" వంటి మాటలు ఆరు వందల మంది ముందు ఎవరూ అడగరు, కానీ అమ్మకం జరిగేది ఆ మాటల్లోనే. 256 మంది పరిమితి కూడా నాకు అడ్డు అనిపించదు, పట్టు కొనేవారికి ఒక లిస్టు, రోజువారీ చీరలకు ఒకటి, పెళ్లిళ్లకు ఒకటి అని విడగొట్టుకోవడానికి అదే దారి చూపుతుంది. వారానికి రెండు సందేశాలకు మించకూడదు, రాత్రి తొమ్మిది దాటకూడదు, సేటు గారి రాజకీయాలు అందులోకి రాకూడదు. ఈ మూడో నియమాన్ని ఒప్పించడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

ఛానెల్ మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చింది. అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, వదిలిపోయినా అడిగేవారు లేరు, మర్యాద విషయంలో బ్రాడ్‌కాస్ట్‌కు తీసిపోదు. జాతర తేదీలు, కాలేజీ ప్రవేశాల వంటి ప్రకటనలకు అది చక్కగా సరిపోతుంది. కానీ అప్‌డేట్స్ అనే వేరే అరలో ఉంటుంది కనుక మన ఊరి కస్టమర్ల చూపు అటు పోవడం తక్కువ, బేరానికి కావలసిన మాటామంతీ అక్కడ కుదరదు. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది, ఖర్చు లేదు, పెట్టుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కొత్త కస్టమర్ల కోసం, ఉన్నవారిని నిలుపుకోవడానికి కాదు. నంబర్ల జాబితా కొని బల్క్ వాట్సాప్ పంపిస్తామని తిరిగేవారిని మాత్రం గడప తొక్కనివ్వకండి. జనం బ్లాక్ చేసి ఫిర్యాదు చేస్తే దుకాణం నంబరే మూతపడుతుంది.

1909కు ఫోన్ చేసి నమోదు చేసుకుంటే ప్రచార కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు అడ్డు పడుతుంది కానీ వాట్సాప్‌కు ఆ అడ్డు లేదు. అందుకే కొందరు దాన్ని ఊరుమ్మడి గోడలా వాడుకుంటున్నారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి తీసుకున్న వివరాలను ఏ పనికి సమ్మతి ఇచ్చారో ఆ పనికే వాడాలని చెబుతున్నది. బిల్లు బుక్కులో రాయించుకున్న నంబరుకు కూడా అదే మర్యాద వర్తిస్తుందని నేను నా దగ్గరికి వచ్చే దుకాణాల వారికి చెబుతుంటాను.

ఇప్పటికే గ్రూపు చేసి ఇరుక్కున్నవారు దాన్ని ఒక్కసారిగా మూసేయవద్దు. ఆ చీరల దుకాణం గ్రూపులో మేము చివరగా ఒకే సందేశం పెట్టాము: నంబర్లు అడగకుండా చేర్చినందుకు క్షమించమని, కొత్త చీరల ఫొటోలు కావాలనుకున్నవారు దుకాణం నంబరు సేవ్ చేసుకొని "సరే" అని విడిగా పంపమని. వారం రోజులు ఆగి, ఒక్కొక్కరినీ తీసేసి గ్రూపు ఎత్తేశాము. ఆరు వందల మందిలో "సరే" అన్నవారు నూరు మందికి కొంచెం పైన. ఈ బతుకమ్మకు నారాయణపేట చీరల ఫొటోలు వారికే వెళ్తున్నాయి.