చలి తక్కువ చోట రాస్ప్‌బెర్రీ: నాలుగు రకాలు పెంచి చూశాక

గడ్డకట్టే చలి రాని చోట చాలా ఏళ్లుగా రాస్ప్‌బెర్రీ పెంచుతున్నాను. కొనబోయేవాళ్లు 'లో చిల్', అంటే తక్కువ చలితో సరిపెట్టుకుంటుంది, అన్న లేబుల్ ఒక్కటే చూసి మోసపోవద్దు. చలి తక్కువైనా దారి ఉంది. మొక్కను నిజంగా దెబ్బతీసేది ఎండాకాలం.

మామూలు రకాల కాడలు మొదటి ఏడాది పెరిగి, రెండో ఏడాది కాస్తాయి. మధ్యలో వాటికి 7 డిగ్రీల లోపు చలి చాలా రకాల్లో 800 గంటలకు పైనే కావాలి. అది దొరక్కపోతే ఏవో కొన్ని మొగ్గలు విచ్చి, మిగతా కాడ మోడులా నిలబడుతుంది. అందుకే రెండో ఏడాది దాకా ఆగకుండా, పెరిగిన ఏడాదే కాడ కొసన పూసే రకాలు కొనండి.

వాటిలో నా ఓటు హెరిటేజ్‌కే. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పాత రకం ఇది. కాయ చిన్నదే, రుచి మాత్రం పులుపూ తీపీ సరిగ్గా కుదిరి ఉంటుంది. కాపు అయ్యాక కాడలన్నీ నేల మట్టానికి కోసేస్తాను. కింది భాగం ఉంచితే వసంతంలో రెండో కాపు వస్తుందంటారు. చలి చాలనిచోట ఆ మొగ్గలు సరిగా విచ్చవు, ఆశ పెట్టుకోవద్దు. పూత ముదురు ఎండల్లో పడితే పండు చేతిలో పొడిపొడిగా రాలిపోతుంది. ఈ పండు చిన్న చిన్న గుండ్ల గుత్తి; ప్రతి గుండుకూ విడిగా పరాగం అందాలి, వేడికి ఆ పని చెడుతుంది. కొన్ని గుండ్లు తెల్లబడతాయి కూడా, అది ఎండ దెబ్బ, తినొచ్చు. మధ్యాహ్నం నీడవల, వేళ్ల మీద మందంగా ఎండుగడ్డి తప్పనిసరి. నీరు నిలిస్తే వేరుకుళ్లు రావడం ఖాయం, కాబట్టి ఎత్తు మడులే వేయండి. పొడి వేడిలో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది, వారానికోసారి తిప్పి చూడాలి.

దక్షిణ కాలిఫోర్నియాలో దొరికిన బాబాబెర్రీ రుచిలో మేటి. కానీ పండు మరీ మెత్తన, కోసిన వెంటనే తినేయాలి.

1972లో మిసిసిపీలో విడుదలైన డార్మన్ రెడ్‌ది ఇంకో తీరు. ఆసియా జాతి రూబస్ పార్విఫోలియస్ రక్తం ఉండటంతో వేడిని లెక్కచేయదు, కాడలు పాకుతాయి, తీగలు కట్టాలి. పండు మెరుస్తూ ఊరిస్తుంది, నోట్లో పెడితే చప్పన! జామ్‌కైతే బాగుంటుంది.

ఈ ఓర్పునీ ఆ రుచినీ కలపాలని డార్మన్ రెడ్ పూలకు హెరిటేజ్ పుప్పొడి అద్దాను. విచ్చని మొగ్గలో కేసరాలు తీసేసి, పుప్పొడి రాసి, సంచి కట్టాలి. గింజల పైపెంకు గట్టిది, తడి ఇసుకలో ఫ్రిజ్‌లో పెడితే తప్ప సరిగా మొలవవు. మొదటి తరంలో ఎక్కువ మొక్కలు మామూలు రకాల్లాగే రెండో ఏడాది కాడల మీదే కాశాయి, రుచి తల్లి డార్మన్ రెడ్‌దే. కొసన పూసే గుణం రావాలంటే వాటిని మళ్లీ హెరిటేజ్‌తో కలపాలి. ఓపికున్నవాళ్లకే ఇది.

చలి అసలే అక్కర్లేనిది మైసూర్ రాస్ప్‌బెర్రీ, అంటే రూబస్ నివియస్. నల్లటి పళ్లు విరగ్గాస్తుంది, ముళ్లు దారుణం. గలాపగోస్ దీవుల్లో ఇది అడవుల్ని ఆక్రమించిన కలుపు. పక్షులు గింజల్ని ఎక్కడికైనా మోస్తాయి, అందుకే దీన్ని తీసేశాను. మళ్లీ మొదలుపెడితే హెరిటేజ్ ఎక్కువగా, బాబాబెర్రీ రెండు మొక్కలు, అంతే కొంటాను.