ఓస్టన్ పునుగు పిల్లి కోసం ట్రాప్ కెమెరా: రీకానిక్స్ హైపర్‌ఫైర్ 2 సమీక్ష

వియత్నాం, లావోస్ సరిహద్దు పొడవునా సాగే అన్నమైట్ కొండల్లో ఓస్టన్ పునుగు పిల్లి కోసం పెట్టే ట్రాప్ కెమెరాను, అంటే కదలిక పసిగట్టి దానంతటదే ఫొటో తీసే కెమెరాను, పులి కోసం పెట్టే కెమెరాతో పోల్చి కొనకూడదు. ఈ జంతువు బరువు 2 నుంచి 4 కిలోలే. చీకటి పడ్డాకే బయటికొస్తుంది. పొడవాటి సన్నని మూతిని రాలిన ఆకుల్లోకి దూర్చి వానపాముల్ని వెతుక్కుంటుంది. అంటే నేలబారుగా, తల వంచుకుని, ఒక్కోసారి కెమెరాకు మరీ దగ్గరగా తిరుగుతుంది. ఫ్లాష్ ఎంత దూరం పడుతుంది, మెగాపిక్సెళ్లు ఎన్ని అని పెట్టె మీద వేసే అంకెలతో ఇక్కడ పని తక్కువ. రెండు మూడు మీటర్ల దూరంలో కదిలే చిన్న ఒంటిని చెదరకుండా పట్టగలదా లేదా అన్నదే చూసుకోవాలి.

ఆ పని హైపర్‌ఫైర్ 2లోని హెచ్‌పీ2ఎక్స్ రకం బాగా చేస్తుంది. కదలిక పసిగట్టిన 0.2 సెకన్లలో మొదటి ఫొటో తీస్తుంది. ఆ తర్వాత సెకనుకు రెండు చొప్పున తీసుకుంటూ పోతుంది. ఆలస్యంగా మేలుకొనే చౌక కెమెరాల్లో ఫ్రేములో మిగిలేది తోక ఒక్కటే. ఈ అడవుల్లో తోకను బట్టి జాతి తేల్చడం ప్రమాదం. ఓస్టన్ పునుగు తోక చివరి భాగం నలుపు, ముసుగు మానుపిల్లి తోక చివర కూడా ముదురు రంగే. వీపు మీద అడ్డంగా ఉండే నల్లటి పట్టీలు, మెడ మీది పొడవాటి చారలు, పక్కల మీద, కాళ్ల మీద ఉండే నల్లటి చుక్కలు కనిపిస్తేనే నమ్మకంగా పేరు రాయొచ్చు. పెద్ద పునుగు పిల్లికి పట్టీలుండవు, తోక పొడవునా నలుపు తెలుపు కట్లుంటాయి. పునుగులా కనిపించే మచ్చల లిన్సాంగ్ అనే జంతువు ఇంకా సన్నగా, చిన్నగా ఉంటుంది.

ఈ కెమెరాలో అసలైన మేలు మెనూ లోపల దాగి ఉంది. నైట్ మోడ్‌లో మ్యాక్స్ రేంజ్ పెడితే వెలుగు ఎక్కువ పోగుచేసుకోవడానికి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. దూరాన నిలబడ్డ జింకకు అది మంచిదే. ఆకులు కెలుకుతూ నడిచే పునుగుకు మాత్రం చుక్కలన్నీ గీతలుగా సాగిపోతాయి, పట్టీల అంచులు కలిసిపోతాయి. ఫాస్ట్ షట్టర్ ఎంచుకోండి. ఫొటోలో కాస్త గరుకుదనం వస్తుంది, అయినా చుక్క చుక్కలాగే ఉంటుంది. దగ్గరి దూరాల్లో వెలుగు ఎలాగూ సరిపోతుంది కాబట్టి పోయేదేమీ లేదు. మిగతా సెట్టింగులు: ట్రిగ్గర్‌కు మూడు నుంచి ఐదు ఫొటోలు, మధ్యలో విరామం లేకుండా, సెన్సిటివిటీ హై. రోజుకో ఫొటో మధ్యాహ్నం 12కి టైమ్‌లాప్స్‌లో తీయించండి. కెమెరా ఏ రోజున ఆగిపోయిందో తర్వాత లెక్కకట్టడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు.

కెమెరా ఎంత మంచిదైనా ఎత్తు తప్పితే అన్నీ తప్పినట్టే. నేల నుంచి 20 - 30 సెంటీమీటర్ల ఎత్తులో, జంతువు నడిచే బాటకు 2 - 3 మీటర్ల దూరంలో, లెన్సు నేలకు సమాంతరంగా ఉండాలి. మనిషి నడుము ఎత్తున కట్టి కిందికి వంచితే కనిపించేది వీపు మాత్రమే, పైగా సెన్సర్ చూసే పట్టీ జంతువు మీదుగా దాటిపోతుంది. వాలులో కడుతుంటే లెన్సును వాలుతో పాటే వంచి, వెనక చిన్న పుల్లతో బిగించండి. గాలికి ఊగని చెట్టును ఎంచుకోండి. ముందున్న ఫెర్నులు, గడ్డి మూడు నాలుగు మీటర్ల వరకు తీసేయండి కానీ రాలిన ఆకుల పొరను ఊడ్చేయకండి. పునుగు వచ్చేదే ఆ ఆకుల కింది వానపాముల కోసం. చివర్లో వాక్ టెస్ట్ (కదలికను కెమెరా పసిగడుతోందో లేదో చూసే పరీక్ష) పెట్టి, నిలబడి కాకుండా మోకాళ్ల మీద పాకుతూ బాటకు అడ్డంగా వెళ్లి చూడండి. ఎర్ర దీపం వెలగకపోతే కెమెరాను ఇంకాస్త కిందికి దించండి.

లోపాలకు వద్దాం. పీఐఆర్ (వేడిని పసిగట్టే సెన్సర్) ఉన్న అన్ని కెమెరాల్లాగే ఇది చూసేది కదిలే వస్తువుకు, వెనకున్న నేలకు మధ్య ఉష్ణోగ్రత తేడాని. వెచ్చటి రాత్రుల్లో ఆ తేడా తగ్గిపోతుంది. దానికి తోడు చిన్న ఒళ్లు, వానకు తడిసిన బొచ్చు. పెట్టె మీద రాసిన 30 మీటర్లు అక్కడ కొన్ని మీటర్లకు కుంచించుకుపోతాయి. కొండల్లో చలి రాత్రులు మేలు. జంతువు కెమెరా వైపు సూటిగా నడిచొస్తే సెన్సర్ ఇంకా ఆలస్యంగా పసిగడుతుంది, అందుకే బాటకు అడ్డంగా చూసేలా కట్టాలి. మీటరున్నర కన్నా దగ్గరికి వస్తే మొహం తెల్లగా మెరిసిపోయి గుర్తులు పోతాయి. ఫ్లాష్ మీద పాలరంగు టేపు ముక్క అంటిస్తే చాలావరకు తగ్గుతుంది.

బ్యాటరీలు 12 ఏఏ. ఖర్చు ఎక్కువైనా లిథియం వేయడమే మంచిది. ఆల్కలైన్ వోల్టేజి మెల్లగా పడిపోతూ రాత్రి ఫ్లాష్ మసకబారుతుంది, కారిందంటే లోపలి స్ప్రింగులు కూడా పోతాయి. పాతవీ కొత్తవీ కలపకండి. తేమ అడవుల్లో తలుపు చుట్టూ ఉండే రబ్బరు సీలు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా నీరు చేరుతుంది. తెరిచిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, లోపల సిలికా జెల్ పొట్లం మార్చండి. ఒక ఫెర్ను రెమ్మ లెన్సు ముందుకు పెరిగిందా, వారంలో వేల ఖాళీ ఫొటోలు పడతాయి, బ్యాటరీ కూడా దానికే ఖర్చయిపోతుంది.

ఇదే శ్రేణిలో తెల్ల ఫ్లాష్‌తో హెచ్‌పీ2డబ్ల్యూ రకం ఉంది. రాత్రి కూడా రంగుల ఫొటోలు, చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒక్కో జంతువును విడిగా గుర్తుపట్టే పని ఉంటే అదే కొనాలి. చిక్కల్లా ఆ వెలుగు చాలా దూరానికి కనిపిస్తుంది. ఈ జంతువును అంతరించే దశకు తెచ్చినవి తీగ ఉచ్చులే. కంబోడియా, లావోస్, వియత్నాం రక్షిత అడవుల్లో 1.23 కోట్ల ఉచ్చులుండొచ్చని వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 2020లో అంచనా వేసింది. ఉచ్చులవాళ్లు తిరిగే బాటల పక్కన తెల్లగా మెరిసే కెమెరా పెడితే మర్నాటికి అది ఉండదు. అక్కడ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ హెచ్‌పీ2ఎక్స్‌నే కట్టండి, ఉక్కు కేబులు, తాళం వేయండి. కెమెరాలోని కోడ్‌లాక్ అనే తాళం సంకేతంలో అంకెలు పెడితే దొంగకు కెమెరా పనికిరాదు. కానీ కార్డు తీసుకుపోతే అందులోని ఫొటోలు మాత్రం అతని చేతికి చిక్కుతాయి.

చౌక కెమెరాలు రెండు మూడు వచ్చే ధరకు ఇది ఒకటి వస్తుంది. అరుదైన జంతువు విషయంలో ఎన్ని చోట్ల వెతికామన్నది కూడా ముఖ్యం కాబట్టి ఇది చిన్న మాట కాదు. అయినా నెలల తరబడి ఎవరూ వెళ్లలేని కొండల్లో మధ్యలో చచ్చిపోయే మూడు కెమెరాల కన్నా చివరిదాకా నిలిచే ఒక్కటి నయం. వారానికోసారి వెళ్లి చూసుకోగల చోటైతే ఇంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఫొటోలో, ఫైలు పేరులో, కెమెరా ముందు చూపించే పలకలో ఊరి పేరు గానీ వాగు పేరు గానీ రాయకండి. కెమెరా కట్టిన చోటుకు కోడ్ మాత్రమే ఇచ్చి, అక్షాంశ రేఖాంశాలు వేరే నోటు పుస్తకంలో ఉంచండి. గడియారాన్ని వియత్నాం సమయానికి సరిచేసి, కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ చేతి గడియారం ఫొటో ఒకటి తీయించండి. బయటివాళ్లకు ఫొటో పంపే ముందు వెనక కనిపించే కొండ శిఖరాన్నీ, గుర్తుపట్టగల బండరాయినీ కత్తిరించేయండి.