ఇసుక గడియారాల సెట్: మా రెండో తరగతిలో నాలుగు నెలలు

తిరుపతిలో రెండో తరగతికి చెబుతాను. 31 మంది పిల్లలు. జూన్‌లో బడి తెరిచిన వారానికే "ఆగండి", "లైన్‌లో రండి", "వాడి పెన్సిల్ వాడికిచ్చెయ్" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. అప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించాను ఈ సెట్. ఆరు రంగుల్లో ఆరు గడియారాలు, అర నిమిషం నుంచి 10 నిమిషాల దాకా. ధర 400 లోపే.

మొదట్లో తప్పుగా వాడాను. గొడవ చేసినవాళ్ల ముందు పెట్టి "ఇసుక అయ్యేదాకా నోరెత్తొద్దు" అనేదాన్ని. దాంతో గడియారం కనిపిస్తేనే పిల్లల ముఖాలు వాడిపోయేవి.

దారి చూపింది ఒక పాప. 3 నిమిషాల పచ్చ గడియారం చూసి, "టీచర్, ఇది కొండ మీద కంపార్ట్‌మెంట్ మాదిరి కదా? గేటు తీసేదాకా కూర్చోవాల" అంది. మా ఊరి పిలకాయలకి ఎదురుచూడటం కొత్తేమీ కాదు. అక్కడ కూర్చుని ఏం చేస్తావని అడిగాను. "గోవిందా అంటాం, పాలు తాగుతాం, అన్నతో చేతులాట ఆడతా."

1970 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల ముందు తినుబండారం పెట్టి, ఆగితే ఎక్కువ ఇస్తామన్నాడు. అప్పుడూ దానివైపు చూడకుండా, పాటలు పాడుకుంటూ మనసు మళ్లించుకున్న పిల్లలే ఎక్కువసేపు ఆగారు. ఉపాయం తెలిస్తే ఆగగలరన్నమాట. ఉపాయాన్ని నేర్పించవచ్చు కదా!

ఆ రోజు నుంచి గడియారాలు వాళ్ల చేతికే ఇచ్చేశాను. కిటికీ పక్కన చాప వేశాను. కోపమొచ్చినా ఏడుపొచ్చినా నన్నడక్కుండా వెళ్లి తిప్పుకోవచ్చు. వేళ్లు లెక్కపెట్టుకోవడం, వేడి పాలు ఊదినట్టు మెల్లగా ఊపిరి వదలడం, ఇవన్నీ అందరూ నిమ్మళంగా ఉన్నప్పుడే ఆటగా ఆడించాను. కోపంలో ఉన్నప్పుడు ఏ పిల్లాడికీ పాఠం ఎక్కదు.

మూడో బెంచీలో ఒక అబ్బాయి. తన రబ్బరు ఎవరు తాకినా కొట్టేసేవాడు. సెప్టెంబరులో ఒకరోజు పక్కవాడు ఆ రబ్బరును రెండు ముక్కలు చేశాడు. వీడి పిడికిలి లేచింది. నేను కుర్చీలోంచి లేచేలోపే చాప దగ్గరికెళ్లి గడియారం తిప్పాడు. ఇసుక సన్నటి దారంలా దిగుతుంటే ముక్కు దాదాపు ఆనించి చూస్తూ, పెదవులు కదుపుతున్నాడు. సగం ఇసుక కూడా దిగకముందే లేచొచ్చి, "వాడు నాకు కొత్తది తేవాల టీచర్" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు, కానీ చెయ్యెత్తలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

వస్తువు సంగతికొస్తే, టైము కచ్చితంగా ఉండదు. ఫోన్ పెట్టి చూస్తే 5 నిమిషాలది నాలుగుంపావుకే అయిపోతోంది. అర నిమిషంది ఆటబొమ్మ అయిపోయిందని బీరువాలో పెట్టాను. 10 నిమిషాలది ఈ వయసుకి మరీ ఎక్కువ. రోజూ పనికొచ్చేవి 2, 3 నిమిషాలవే. చట్రం ప్లాస్టిక్ అయినా లోపలిది గాజు. ఎర్రది కిందపడి పగిలితే ఇసుకలో గాజుముక్కలు ఏరేసరికి ప్రాణం పోయినంత పనైంది. చిన్నపిల్లల కోసమైతే గాజు లేనివే చూసి కొనండి.

టీచర్లకు ఒక మాట. ఎవరు ఎంతసేపు ఆగారని మార్కులు వేయకండి. మిషెల్ ప్రయోగంలో ఎక్కువసేపు ఆగిన పిల్లలు తర్వాత చదువులో ముందున్నారని అనేవారు. ఆ ప్రయోగాన్నే ఇంకా ఎక్కువమంది పిల్లలతో చేసి 2018లో ఫలితాలు చెప్పారు. ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే, ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం బాగా తగ్గిపోయింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లాడు 3 నిమిషాలు ఎలా ఆగుతాడు? మా తరగతిలో ముందు అది అడుగుతాను, తర్వాతే గడియారం.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన స్టార్ గాజుకి.