వెంకటప్ప, రోరిక్, రుమాలె: ఒక్క పూటే ఉంటే ఏది చూడాలి?

మోకాళ్లు చూపించుకోవడానికి మావయ్య ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి బెంగళూరులోని మా ఇంటికి వచ్చారు. శుక్రవారం డాక్టరు, సోమవారం రిపోర్టులు, మధ్యలో శనివారం ఖాళీ. మాల్‌కి వెళ్దామా అంటే తల అడ్డంగా ఊపారు. "మీ ఊళ్లో మన దామెర్ల గ్యాలరీ లాంటిది ఏదైనా ఉందా అమ్మా? ఒక్క మనిషి బొమ్మలే ఉండాలి" అన్నారు.

ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని పనితనం గుర్తుపట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు పంపకపోతే ఆ కాస్త బొమ్మలు కూడా మనకు మిగిలేవి కావు. మావయ్య చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం ఎండకు ఓర్చుకోలేక ఆ గ్యాలరీలోకి దూరేవారట. వెళ్లగా వెళ్లగా ఏ గోడ మీద ఏ బొమ్మ ఉందో నోటికి వచ్చేసింది. "పది మంది బొమ్మలున్న చోట ఎవరు గొప్పా అని చూస్తాం. ఒక్కరివే ఉన్న చోట ఆ మనిషి ఏం చూశాడా అని చూస్తాం" అంటారాయన. నేను ఆ మాటతోనే పెరిగాను. అందుకే బెంగళూరు వచ్చిన కొత్తలో ఇలాంటి చోట్లు వెతుక్కుంటూ తిరిగాను. పాలెస్ రోడ్డు మీది నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెద్దది, బాగుంటుంది, కానీ అది అందరిదీ. ఒక్కరివి అనదగ్గవి నాకు మూడు దొరికాయి: కస్తూర్బా రోడ్డులో వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ, చిత్రకళా పరిషత్‌లో రోరిక్ గదులు, రాజాజీనగర్‌లో రుమాలె ఇల్లు.

మూడూ చూసేంత మోకాళ్లు మావయ్యకు లేవు. ఒక్కటే ఎంచుకోవాలి. శుక్రవారం రాత్రి చపాతీలు చేస్తూ నాలో నేనే లెక్కలు వేసుకున్నాను.

మొదట తట్టింది వెంకటప్పే. వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లకు దారి కూడా సులువు. మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. పక్కనే ఎర్రగా 1877 నాటి ప్రభుత్వ మ్యూజియం భవనం. కె. వెంకటప్ప 1886లో మైసూరులో ఆస్థాన చిత్రకారుల ఇంట పుట్టారు. మహారాజు కలకత్తా పంపిస్తే అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర శిష్యరికం చేశారు. నందలాల్ బోస్ తోటి విద్యార్థి. పెళ్లి చేసుకోలేదు. నడివయసులో వీణ శేషన్న గారి దగ్గర వీణ నేర్చుకున్నారు, అదీ సరదాకి కాదు, దీక్షగా. 1965లో పోయారు.

ఆయన ఊటీ నీటిరంగుల బొమ్మల ముందు నిలబడాలంటే ఓపిక కావాలి. చిన్న చిన్న కాగితాలు. దూరం నుంచి చూస్తే కొండ, మబ్బు, నీళ్లు, అంతే. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్తే గానీ అసలు పని కనపడదు. నీటిరంగులో తెలుపు అంటే పూసిన తెలుపు కాదు, పూయకుండా వదిలేసిన కాగితం. మంచు తెరలో వెలుగు ఎక్కడ పడాలో ముందే మనసులో అనుకుని, అక్కడికి కుంచె పోకుండా కాచుకోవాలి. ఒక పూత ఆరాక ఇంకో పూత, దాని మీద మరొకటి. ఎక్కడా తప్పు దిద్దుకునే వీలుండదు. వీణ మీద గమకం పలికించిన వేళ్లే ఈ పనీ చేశాయంటే నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. రెండింటికీ కావలసింది ఆగడం తెలిసిన చెయ్యి.

ఈ గ్యాలరీ అంటే ఊరివాళ్లకు ఎంత ప్రేమో కూడా చెప్పాలి. 2016లో దీన్ని ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టే ప్రతిపాదనకు వ్యతిరేకంగా బెంగళూరు కళాకారులు రోడ్డెక్కారు. చివరికి అది ఆగింది. ఆ భవనంలో వాళ్లలో చాలామంది తమ మొదటి ప్రదర్శన పెట్టుకున్నారు మరి. ఇక్కడ వెంకటప్పతో పాటు కె.కె. హెబ్బార్ బొమ్మలు కూడా ఉన్నాయి కాబట్టి అచ్చంగా ఒక్కరిదే అనలేం, కానీ ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రారు. మరమ్మతులకు మూసిన రోజులు గతంలో ఉన్నాయి. అందుకని బయల్దేరేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

అయితే మావయ్యకు కంటి శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది కాలేదు. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి ఎక్కడైనా వాటిని మందమైన వెలుగులో, అద్దం వెనక పెడతారు. ఒంగి, పక్కకు జరిగి, కోణం మార్చుకుంటూ చూడాలి. మోకాళ్లూ కళ్లూ రెండూ సహకరించాలి. వెంకటప్పను పక్కన పెట్టాను, మనసొప్పకుండానే.

రోరిక్ గదుల సంగతి వేరు. కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్. జనవరిలో చిత్రసంతె జరిగేది ఈ రోడ్డులోనే. ఆ ఒక్క రోజు రోడ్డంతా బొమ్మలే. లోపల గ్యాలరీలు చాలా ఉన్నాయి, క్యాంటీన్ ఉంది, చెట్ల కింద రాతి అరుగులున్నాయి, పిల్లలు బొమ్మలు గీసుకుంటూ కనిపిస్తారు. పెద్దవాళ్లనూ పిల్లలనూ కలిపి తీసుకెళ్లాలంటే మూడింటిలో ఇదే నయం, అందులో సందేహం లేదు.

తండ్రి నికొలస్ రోరిక్ (1874–1947) రష్యా నుంచి వచ్చి కులూ లోయలో స్థిరపడి హిమాలయాలను గీశారు. కొడుకు స్వెతోస్లావ్ (1904–1993) సినీతార దేవికారాణిని పెళ్లి చేసుకుని, చివరికి బెంగళూరు శివార్లలో కనకపుర రోడ్డు మీది తాతగుణి ఎస్టేట్‌లో ఉండిపోయారు. దేవికారాణి పుట్టింది మన వాల్తేరులో అని ఎంతమందికి గుర్తుందో గాని, మొట్టమొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆమెదే. పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్లోని నెహ్రూ పటం గీసింది స్వెతోస్లావే. మా అత్తయ్య గనక వచ్చి ఉంటే ఇంకో మాట లేకుండా ఇక్కడికే తీసుకెళ్లేదాన్ని. ఆవిడకు పాత సినిమాలంటే ప్రాణం.

బొమ్మల మాటకొస్తే, రోరిక్‌లు ఎక్కువగా వాడింది టెంపెరా. రంగు పొడిని జిగురులోనో గుడ్డు సొనలోనో కలిపి చేసేది. నూనెరంగుకుండే నిగనిగ దీనికి ఉండదు, సున్నం గోడ మీద బొమ్మలా వెలుగును లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ఆ కొండల నీలం, ఆ సాయంత్రపు కుంకుమ రంగు కళ్లకు గుచ్చుకోవు. గది మధ్యలో నిలబడి చూసినా తెలుస్తాయి. అటు కళ్లకూ ఇటు మోకాళ్లకూ కష్టం లేదు. లెక్క ప్రకారం ఇదే గెలవాలి.

కానీ నాకు ఒక లోటు తోస్తూనే ఉంటుంది. నికొలస్ చూసిన కొండలు ఇక్కడ లేవు. బొమ్మ చూసి బయటికి వస్తే శివానంద సర్కిల్ ట్రాఫిక్. ఆయన ఆ కొండను చూసి ఏం వదిలేశాడు, ఏం పెంచాడు, ఎక్కడ రంగు మార్చాడు అని సరిచూసుకునే వీలు లేదు. గొప్పదని నమ్మి నమస్కారం పెట్టి వచ్చేయాలి. దామెర్ల గోదావరి బొమ్మ చూసి బయటికొస్తే అక్కడ గోదావరి ఉంటుంది. మావయ్య ఆ గ్యాలరీని అంతగా ప్రేమించడానికి కారణం సగం గోదావరే అని నా నమ్మకం.

అలా ఆలోచించుకుంటూ వెళ్తే చివరికి రుమాలె తేలారు.

రుమాలె చెన్నబసవయ్య 1910లో పుట్టారు. కుర్రతనంలో బొమ్మలు నేర్చుకున్నారు. స్వాతంత్ర్యోద్యమం పిలిస్తే కుంచె పక్కన పెట్టి జైలుకు వెళ్లారు. తర్వాత కాంగ్రెస్ సేవాదళ్, తాయినాడు పత్రిక సంపాదకత్వం, శాసనమండలి సభ్యత్వం. యాభై దాటాక 1960లలో అవన్నీ వదిలేసి మళ్లీ కుంచె పట్టారు. 1988లో పోయేదాకా ఇక వదల్లేదు. ఆయన గీసినవి ఎక్కువగా బెంగళూరు పూల చెట్లు, అవీ ఇంట్లో కూర్చుని కాదు, చెట్టు ఎదుట నిలబడి.

ఈ ఊళ్లో చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి. అది వాటంతట అవి చేసిన ఏర్పాటు కాదు. క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు ఏ కాలంలోనైనా ఏదో ఒక చెట్టు పువ్వుల మీద ఉండేలా చూసి మరీ నాటించాడు. చలి తగ్గేసరికి గులాబీ, పసుపు టబెబుయాలు, వాటి వెంటే ఊదారంగు జకరండా, ఏప్రిల్ మేలలో ఎర్ర తురాయి, పచ్చ తురాయి, రేల. రుమాలెకు ఇది పంచాంగం. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో దాన్నిబట్టి ఆయన ఏడాది నడిచేది.

ఆ బొమ్మలను ఇప్పుడు ఒక కుటుంబం తమ ఇంటి బిడ్డల్లా చూసుకుంటోంది. అది ఇల్లు, కాబట్టి ముందుగా ఫోన్ చేసి, వాళ్లకు వీలైన వేళ కనుక్కుని వెళ్లడం మర్యాద. టికెట్ కౌంటరు, క్యాంటీన్, బాణం గుర్తులు ఆశించి వెళ్లకూడదు. చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లాలి. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి రాజాజీనగర్‌లో దిగి ఆటో ఎక్కాం.

మావయ్య ఒక పసుపు టబెబుయా బొమ్మ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మొదట ఏమీ అనలేదు. దగ్గర నుంచి చూస్తే అది చెట్టు కాదు, ముద్దలు ముద్దలుగా పెట్టిన పసుపు. కొన్ని చోట్ల కుంచె వెంట్రుకలు గీసిన గాట్లు కూడా ఆరిపోయిన రంగులో అలాగే ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే పూత విరగబూసి గాలికి ఊగుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి మావయ్య చేతికర్ర చివరతో గాలిలో చూపిస్తూ, "ఇదుగో అమ్మాయ్, చెట్టు నీడ చూడు. నల్లగా వెయ్యలేదు" అన్నారు. వంగి చూశాను. నీడలో నీలం ఉంది, కొంచెం ఊదా కూడా. నేను అదే బొమ్మను అంతకుముందు రెండుసార్లు చూశాను, నీడ వైపు నా కన్ను పోలేదు. "పసుపు పక్కన నలుపు పెడితే పసుపు చచ్చిపోతుంది. నీలం పెడితే మండుతుంది" అన్నారాయన. ఇంకో బొమ్మకు వెళ్లి మళ్లీ నీడే వెతికారు. ఎర్ర తురాయి కింద ఆకుపచ్చ నీడ. గంటన్నరలో మేం చూసింది పదో పన్నెండో బొమ్మలు. కానీ ఒకే మనిషి ఇరవై ఏళ్లపాటు నీడతో పడిన కుస్తీ అంతా ఒక గదిలో కనిపించింది.

నేను చేసిన లెక్కలో తేడా ఎక్కడుందో అక్కడ అర్థమైంది. సౌకర్యం చూస్తే రోరిక్. పనితనంలో సూక్ష్మం చూస్తే వెంకటప్ప, ఆ విషయంలో ఇంకెవరూ దగ్గరికి రారు. కళ్లూ కాళ్లూ బాగున్నవాళ్లు, సంగీతం తెలిసినవాళ్లు తప్పకుండా ముందు అక్కడికే వెళ్లాలి. కానీ ఈ ఊళ్లో ఉంటూ ఒక్కటే చూస్తానంటే, లేదా జనవరి మే మధ్య ఈ ఊరు వస్తే, నేను రుమాలె అనే చెప్తాను. వానల్లో వస్తే మాత్రం అంత గట్టిగా చెప్పను. అప్పుడు వెంకటప్ప మబ్బులే బయట ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ మెట్ల దగ్గరికి రాకముందే మావయ్య ఆటో ఆపమన్నారు. రోడ్డు పక్కన ఒక పసుపు టబెబుయా, కింద పార్కు చేసిన స్కూటర్ల సీట్ల నిండా పూలు రాలి ఉన్నాయి. ఆయన చెట్టు వైపు చూడనే లేదు. కర్ర ఊతంగా నిలబడి తారు రోడ్డు మీద పడిన నీడనే చూస్తున్నారు. ఆటో డ్రైవరు కన్నడంలో ఏమైంది సార్ అని అడిగాడు. మావయ్య తెలుగులోనే, "నీలంగానే ఉందయ్యా, చూడు" అన్నారు.