మిద్దె మీద వేడి తారు పొరలా, తారు షీటా? మన నెల్లూరు ఎండకీ వానకీ ఏది మేలు?

2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చిన వారం నెల్లూరోళ్ళెవరూ మర్చిపోరు. ఆ వారం కోవూరులో మా ఇంట్లో నడింటి స్లాబ్ నుంచి మూడు చోట్ల నీళ్ళు కారతా ఉంటే రాత్రంతా బక్కెట్లు మారుస్తా కూర్చున్నాం, తెల్లారి చూస్తే ఒక మూల పెచ్చు ఊడి కమ్మీ తుప్పు పట్టి బయటికి కనపడతా ఉండాది. అప్పట్నుంచి ఈ తారు పని వెంట పడ్డా, మా ఇంటికి రెండుసార్లు, బుచ్చిలో మా బాబాయ్ గోడౌన్‌కి ఒకసారి దగ్గరుండి చేయించా. ఇప్పుడు కావలి నుంచి మా పిన్నమ్మ కొడుకు "అన్నా, స్లాబ్ మీద ఏది వెయ్యమంటావ్" అని అడిగాడు, ఫోన్లో తెమిలే సంగతి కాదు కాబట్టి వివరంగా రాస్తా ఉండా.

తారంటే అంతా ఒకటే అనుకుంటాం గానీ కాదు. రోడ్డుకి పోసే వీజీ 30 రకం 47 డిగ్రీలు దాటితే మెత్తబడొచ్చు, మన మే నెల ఎండకి నల్లటి పైకప్పు 60 డిగ్రీలు దాటడం మామూలే, అందుకే రోడ్డు పని కాడ మిగిలిన తారు తెచ్చి మిద్దె మీద పోసినోళ్ళకి ఎండాకాలంలో అది కరిగి పల్లానికి జారిపోద్ది. పైకప్పుకి వాడేది గాలి పట్టించి గట్టి చేసిన తారు, 85/25 అంటారు, అందులో 85 అనేది మెత్తబడే డిగ్రీలు. షీట్లలో తారుకి ఏపీపీ అనే ప్లాస్టిక్ కలుపుతారు, అవి వంద దాటినా కారవు. ఎస్‌బీఎస్ అని రబ్బరు లాంటిది కలిపినవి కూడా ఉండాయి.

పాత పద్ధతి ఏందంటే డ్రమ్ములో తారు కాచి స్లాబ్ మీద పోసి, దాని మీద ఫెల్ట్, అంటే తారు పట్టించిన మందపాటి గుడ్డ లాంటిది పరిచి, మళ్ళీ తారు, మళ్ళీ ఫెల్ట్, అట్లా మూడు నాలుగు పొరలేసి పైన సన్న కంకర చల్లడం. నిజం చెప్పాలంటే దీంట్లో ఒక గొప్ప గుణం ఉంది, ఒక పొర చిరిగినా కింద ఇంకోటి కాపాడుద్ది. కానీ ఆ తారు రెండొందల డిగ్రీల దాకా కాగాలి, ఇళ్ళ మధ్యలో ఆ పొగ, ఆ మంట, నిచ్చెన మీద మరిగే తారు మోసే మనిషి పరిస్థితి ఆలోచించండి. ఓపిగ్గా చేసే పనోళ్ళు కూడా ఇప్పుడు మన కాడ దొరకడం కష్టం. కాబట్టి ఇంటికి నేనైతే వద్దంటా.

ఇంక ఏపీపీ షీట్. మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు రోల్ వస్తది, 4 మిల్లీమీటర్లదైతే ఒక్కోటి 40 కిలోల పైమాటే. గ్యాస్ మంటతో అడుగు కరిగిస్తా అంటిస్తా పోతారు. పక్క అతుకు 10 సెంటీమీటర్లు, చివర అతుకు 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, కాబట్టి రోల్‌కి పది చదరపు మీటర్లు రావు, తొమ్మిదికి కొంచెం తక్కువే వస్తది. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్‌కి పది రోల్స్ చాలన్నోడి మాట నమ్మబాకండి, పిట్టగోడ మీదికి ఎక్కించేదానితో కలిపి పన్నెండు దాకా పడతాయి. తక్కువ చెప్పినాడంటే అతుకులు కొరతేస్తాడనే అర్థం. లోపల పాలిస్టర్ గుడ్డ ఉన్న రకమే అడగండి, గ్లాస్ ఫైబర్‌ది చౌకే గానీ స్లాబ్ కదిలినప్పుడు సాగదు, చిరుగుద్ది. షీట్ ఎండకి వదిలేసేటట్టైతే పైన సన్న రాతి పలుకులు అద్దిన రకం తీసుకోండి, ఉత్త నల్ల షీట్‌ని ఎండ తినేస్తది.

మా ఇంటికి మొదటిసారి దెబ్బ తగిలింది షీట్ వల్ల కాదు. వానల మధ్యలో రెండు రోజులు ఎండ కాసిందని ఒక కాంట్రాక్టర్ తొందరపెట్టి తడారని స్లాబ్ మీదే 3 మిల్లీమీటర్ల షీట్ అంటించేశాడు, షీట్ బాగా పట్టుకోడానికి ముందు పూసే పల్చటి తారు పూత, ప్రైమర్ అంటారు, అది కూడా సగం చోట్లే కొట్టాడు. లోపల చిక్కుకున్న చెమ్మ ఎండాకాలం ఆవిరై పైకి తన్నింది, మిద్దె నిండా పూరీల మాదిరి బొబ్బలు. డబ్బులు పోయినందుకు కాదు, మా నాయన రోజూ పైకెక్కి ఆ బొబ్బలు లెక్కపెట్టుకుంటా దిగులు పడేవాడు, అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే చెప్తా ఉండా, మనకి వాన ఎక్కువగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల, ఈ పని ఫిబ్రవరి దాటినాక పెట్టుకోండి.

ఎస్‌బీఎస్ మంచిదే, బాగా సాగుద్ది, చలిలో కూడా పగలదు. కానీ మనకి గడ్డకట్టే చలి ఎక్కడ, ఆ గుణానికి ఎక్కువ డబ్బు ఇవ్వడం దండగ. రైస్ మిల్లు మాదిరి మిషన్లు తిరిగి పైకప్పు అదిరే చోటైతే మాత్రం నేను దాన్నే వెయ్యమంటా, అది కూడా రాతి పలుకులున్నదే. తనంతట తనే అంటుకునే షీట్ ఇంకోటి ఉండాది, అడుగున ప్లాస్టిక్ కాగితం పీకి రోలర్‌తో నొక్కడమే, మంట పని లేదు. బాబాయ్ గోడౌన్‌కి అదే వేయించాం, ఎందుకంటే పక్కనే గడ్డివామి, లోపల గోనె సంచులు, అక్కడ గ్యాస్ మంట పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. అయితే దానికి స్లాబ్ మీద దుమ్ము రేణువు కూడా ఉండకూడదు, చాలా రకాలు ఎండకి ఆగవు కాబట్టి పైన సిమెంట్ పూత పడాల్సిందే. బ్రష్‌తో పూసే నల్ల డబ్బాల సంగతి పెద్దగా చెప్పను, చిన్న పగులుకి పనికొస్తది, మిద్దె మొత్తానికి కాదు.

ఏ రకమేసినా నీళ్ళు నిలిస్తే అది పాడవుద్ది. పది అడుగులకి రెండున్నర అంగుళాల వాలు ఉండాలి, లేకపోతే ముందు సిమెంట్‌తో వాలు కట్టించి బాగా ఆరినాకే తారు. పిట్టగోడ మొదట్లో మూల గుండ్రంగా పూయించి, షీట్‌ని కనీసం 15 సెంటీమీటర్లు గోడ మీదికి ఎక్కించి, గాడి కొట్టి అంచు అందులో దూర్చి మూయించాలి. మా ఇంట్లో కారిన మూడు చోట్లలో రెండు ఆ గోడ మొదలే, మూడోది నీటి గొట్టం నోరు.

తమ్ముడూ, నీ ఇంటికి నా మాట 4 మిల్లీమీటర్ల పాలిస్టర్ ఏపీపీ. కానీ ఎట్లా వేయించాలో పిన్నమ్మని అడుగు. ఆమె మిద్దె మీద వడియాలు పెడతదా, మిరపకాయలు ఎండేస్తదా, ఎండాకాలం మంచాలేసుకోని పైన పడుకుంటారా? అట్లైతే షీట్ బయటికి కనపడేటట్టు వదలొద్దు, ఎండకి కాలు పెట్టలేరు, మంచం కోడు గుచ్చుకుంటే చిల్లు పడుద్ది. రాతి పలుకులు లేని ఉత్త షీటే వేయించి, దాని మీద సిమెంట్, ఆపైన తెల్ల కూల్ టైల్స్ పరిపించు. ఇల్లు కూడా కొంచెం చల్లబడుద్ది, తారు ఒక్కటే వేడి తగ్గించదు. టైల్స్ పరిచే ముందు మాత్రం గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద ప్రతి గదిలో పైకి చూసుకో. తడి మరక ఒక్కటి కనపడినా టైల్స్ వాళ్ళని ఆపెయ్.