లెట్స్ ఎన్‌క్రిప్ట్: ఊరికే వచ్చే తాళాన్ని రెండేళ్లు వాడాక

అనంతపురంలో మా చిన్నమ్మ ఓళిగలు, నిప్పట్లు, శెనక్కాయ చిక్కీ చేసి అమ్ముతుంది, వెబ్‌సైట్ సంగతి నేను చూసుకుంటాను. రెండేళ్ల కిందట క్లాక్ టవర్ దగ్గర ఒకాయన సైట్ చేసిచ్చి కొటేషన్ చేతిలో పెట్టాడు. చివరి లైన్లో ‘ఎస్‌ఎస్‌ఎల్, పేటెంట్ రక్షణతో, ఏడాదికి రూ. 4,800’ అని ఉంది (ఎస్‌ఎస్‌ఎల్ అంటే సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య పోయే సమాచారానికి తాళం వేసే పద్ధతి, దానికి సైట్‌కొక సర్టిఫికెట్ కావాలి). అదేందన్నా అంటే, ‘ఊరికే వచ్చే సర్టిఫికెట్ పెట్టుకుంటే అమెరికా కంపెనీలు కేసులేస్తాయి, చానామంది మీద ఏసినారు కూడా’ అన్నాడు. చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచే ‘కోర్టూ గీర్టూ మనకెందుకప్పా, కట్టేయ్’ అంది.

నేను కట్టలేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్వీసు ఊరికే ఇచ్చే సర్టిఫికెట్టే పెట్టుకున్నాను. ఆ రాత్రి కూర్చుని చదివితే కేసులు నిజమేనని తేలింది, వాటిని తెచ్చి మా ఓళిగలకు అంటగట్టడమే మోసం.

టీక్యూపీ డెవలప్‌మెంట్ అని ఒక కంపెనీ, ఏ సరుకూ తయారుచెయ్యదు, చేతిలో 1995 నాటి పేటెంట్ ఒకటి ఉంది, అంతే. ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆర్‌సీ4 అనే గుప్తీకరణ పద్ధతి కలిపి వాడితే మా పేటెంట్‌ను తొక్కినట్టే అంటూ వందకు పైగా కంపెనీల మీద దావాలు వేసింది. లాయర్ ఫీజుల కంటే ఇదే చవక అనుకుని చాలామంది రాజీ డబ్బు కట్టేశారు, అట్లా దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు రాబట్టింది. కంప్యూటర్ సామాన్లు అమ్మే న్యూఎగ్ మాత్రం కట్టేది లేదని మొండికేసింది. 2013 నవంబరులో టెక్సస్‌లోని మార్షల్ కోర్టులో (మన పిల్లలు డల్లాస్ డల్లాస్ అంటారే, దానికి తూర్పున ఉండే చిన్న ఊరు) ఇంటర్నెట్ గుప్తీకరణకు పునాది అయిన పబ్లిక్ కీ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన విట్‌ఫీల్డ్ డిఫీ స్వయంగా బోనెక్కి సాక్ష్యం చెప్పినా జ్యూరీ వినలేదు, 23 లక్షల డాలర్లు కట్టమంది. 2015లో అదే కోర్టు జడ్జి ఆ తీర్పును పక్కనపెట్టి, న్యూఎగ్ పేటెంట్‌ను ఉల్లంఘించలేదని తేల్చాడు.

ఇప్పుడు మా కొటేషన్ సంగతి. దావాలు పడింది వెబ్‌సైట్లు నడిపేవాళ్ల మీద, సర్టిఫికెట్ ఎక్కడ తెచ్చుకున్నావని ఎవరూ అడగలేదు. పైగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ అందుబాటులోకి వచ్చిందే 2015 డిసెంబరులో, అంటే ఆ దావాలు వేసేనాటికి అది పుట్టనే లేదు. ఆ పేటెంట్ గడువు 2012లోనే తీరింది, ఆర్‌సీ4ను ఇక వాడొద్దని 2015లో నిషేధించారు. అమెరికా పేటెంట్ ఇక్కడ చెల్లదు, మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) అయితే అల్గారిథమ్‌లకూ ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాములకూ పేటెంటే ఇవ్వొద్దంటుంది. మరి ఆ 4,800తో ఆయన మమ్మల్ని ఎవరి నుంచి రక్షిస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక సర్వీసు. సర్వర్‌లో సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ తెచ్చిపెట్టే ప్రోగ్రాము) వేసి, సైట్ పేరూ ఈమెయిలూ ఇచ్చాను, టీ చల్లారేలోపే పని అయిపోయింది. గుప్తీకరణ విషయంలో డబ్బు కట్టి కొన్న సర్టిఫికెట్‌కూ దీనికీ తేడా ఏమీ లేదు. కాకపోతే గడువు 90 రోజులే, మామూలుగా అరవై రోజులకోసారి దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. ఫోన్ చేసి అడగడానికి మనిషి ఉండడు, అది ముందే తెలుసుకోండి. గడువు దగ్గర పడితే ఇదివరకు మెయిల్ పంపేవాళ్లు, 2025 జూన్ నుంచి అదీ లేదు.

దానివల్ల నేనొకసారి బాగా దెబ్బ తిన్నాను. సర్వర్‌లో ఏదో సర్దుతూ పోర్ట్ 80 (కొత్త సర్టిఫికెట్ ఇచ్చే ముందు వాళ్లు మా సైట్‌ను తనిఖీ చేసే దారి) మూసేసి మర్చిపోయాను, తప్పు పూర్తిగా నాదే. సర్టిఫికెట్ మారలేదు, దీపావళికి ముందురోజు పొద్దున బెంగళూరు నుంచి ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపింది, ఎర్ర త్రికోణం, ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’. రెండు వందల ఓళిగలకు పూర్ణం ఉడుకుతోంది, ఆర్డర్లు ఆగిపోయాయి, చిన్నమ్మ గరిటె పట్టుకుని నా వెనకే నిలబడింది. పోర్ట్ తెరిచి మళ్లీ నడిపితే నిమిషంలో సరైంది గానీ ఆ నిమిషం టెన్షన్ నాకే తెలుసు.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు కోశానంటే మెయిల్ ఆపేసినందుకు. ఇప్పుడు వంటింటి గోడ క్యాలెండర్లో రెండు నెలలకోసారి చిన్నమ్మ నాచేత ‘తాళం’ అని రాయిస్తుంది, గ్యాస్ బుకింగ్ తేదీ పక్కనే.