పాత సినిమా పెద్ద తెర మీద: రీస్టోర్ చేసిందా, పాత ప్రింటా, ఏది మేలు?

ఫిల్మ్ ఫెస్టివల్ షెడ్యూల్ చేతికి రాగానే నేను ముందు వెతికేది పాత సినిమాల కోసమే. పేరు పక్కన చిన్న అక్షరాల్లో ‘4కె రీస్టోరేషన్’ అనో ‘35 ఎంఎం ప్రింట్’ అనో రాసి ఉంటుంది. మొదటిదంటే పాత ఫిల్మును స్కాన్ చేసి శుభ్రం చేసిన డిజిటల్ కాపీ, రెండోదంటే ప్రొజెక్టర్‌లో తిప్పే ఫిల్ము రీళ్ల కాపీ. రెండూ ఒకే సమయానికి పడితే ఎటు పోవాలా అని ప్రతిసారీ టెన్షనే.

ఆ పాత సినిమాలు ఇంట్లోనే చూడొచ్చుగా అంటారు. నచ్చిన సీను ఆపి ఆపి చూసుకోవాలంటే ఇల్లే మేలు, కాదనను. కానీ నేను టీవీలో నాలుగైదు సార్లు చూసిన ఒక సినిమాను ఫెస్టివల్లో మళ్లీ చూశాను. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనక గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మూడో మనిషి అప్పుడే మొదటిసారి కనిపించాడు. ఆ సీను బరువంతా అతని ముఖంలోనే ఉంది. టీవీలో అతనొక నీడ, అంతే.

ఇక అసలు పోటీ. రీస్టోరేషన్ వెనక ఉండే చాకిరీ మామూలుది కాదు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు గంటల సినిమాలో 1,72,800 ఫ్రేములు ఉంటాయి. వాటిని స్కాన్ చేసి, గీతలు, మరకలు తీసి, రంగులు సరిచేయాలి. సత్యజిత్ రాయ్ తీసిన మూడు ‘అపు’ చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఇక పనికిరావనుకున్న ఆ ముక్కలనే ఇటలీలోని బొలోన్యా నగర నిపుణులు రసాయనాలతో మెత్తబరిచి, చేత్తో అతికి, దక్కినంత దక్కించారు. దక్కని చోట వేరే కాపీలు వాడారు. 2015లో ఆ మూడు సినిమాలూ మళ్లీ థియేటర్లకు వచ్చాయి. ఇలాంటివి చూసే అవకాశం వస్తే వదులుకోకూడదు. మాట కూడా స్పష్టంగా వినిపిస్తుంది. పాత ప్రింట్లలో సగం డైలాగులు గరగర శబ్దంలోనే కొట్టుకుపోతాయి.

అయితే కొందరు శుభ్రం చేయడంలో హద్దు దాటేస్తారు. ఫిల్ములో సహజంగా ఉండే ఇసుక రేణువుల్లాంటి నలుసుల్ని కూడా తుడిచేస్తే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. నాకది గీతల కంటే ఎక్కువ బాధ.

ప్రింటు సంగతి వేరు. బొమ్మ కొంచెం ఊగుతూ ఉంటుంది. రీలు మారబోయే ముందు తెర కుడివైపు పైమూలన ఒక గుండ్రటి చుక్క మెరిసి మాయమవుతుంది, కొన్ని సెకన్లకు మళ్లీ మెరుస్తుంది. అది ఆపరేటర్‌కి సంకేతం. రీలు మొదట్లో, చివర్లో గీతలు వానలా కురుస్తాయి, ఎందుకంటే చేతులు ఎక్కువ పడేది అక్కడే. ఆ వాన తగ్గి బొమ్మ తేటపడే క్షణం నాకు ప్రాణం. ఎన్ని హాళ్లు తిరిగి వచ్చిందో అనిపిస్తుంది.

కానీ రంగుల సినిమా అయితే జాగ్రత్త. 1950ల నుంచి 70ల దాకా వచ్చిన చాలా రంగుల ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ వెలిసిపోయి గులాబీ రంగే మిగిలింది. అలాంటిది ఒకటి చూశాను. ఆకాశం, చెట్లు, మనుషులు అంతా ఒకటే ఎరుపు. గంట గడిచినా కళ్లు అలవాటు పడలేదు.

కాబట్టి మొదటిసారి చూసే సినిమా అయితే రీస్టోర్ చేసిందానికే వెళ్లండి. ఇంతకుముందు చూసిందీ, నలుపు తెలుపుదీ అయితే కళ్లు మూసుకుని ప్రింటుకే నా ఓటు. రంగులదైతే ప్రింటు ఎలా ఉందో నిర్వాహకులను ముందే అడగండి, చెబుతారు. మూకీ సినిమాకైతే హాల్లో సంగీతం లైవ్‌గా వాయించే షో ఏదైతే అదే.

ఇప్పటికీ తేల్చుకోలేకపోతే నేను ప్రింటు వైపే మొగ్గుతాను. రీస్టోర్ చేసింది ఇంకో ఫెస్టివల్లోనో డిస్కు మీదో మళ్లీ దొరుకుతుంది. ప్రింటు మాత్రం ప్రొజెక్టర్‌లో తిరిగిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. షో అయ్యాక డబ్బాలో పెట్టి, పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌కి పంపేస్తారు. మళ్లీ ఆ డబ్బా మూత ఎప్పుడు తీస్తారో ఎవరూ చెప్పలేరు.